నవ్వే నోటితో జాగ్రత్త!

లండన్‌లో ఓ ఇల్లు. పదేళ్ల కుర్రాడి గదిలో గాజుతొట్టి. అందులో జానెడు పొడవున్న ఆక్సలాటల్. మెక్సికో సిటీలోని సోచిమిల్కో కాలువలే ఆ జాతి సొంతూరు. జీవితమంతా నీళ్లలోనే గడిపే ఈ ఉభయచరం ముఖం ఎప్పుడూ నవ్వుతున్నట్టే ఉంటుంది.

పాపం, ఒంటరిగా ఉందని వేలెడంత పిల్లను తెచ్చి తోడుగా వదిలాడు కుర్రాడు. తెల్లారి చూస్తే పిల్లకు ముందుకాలు లేదు! వాడికి ఒకటే ఏడుపు.

నిజానికి పెద్దదానికి పగేమీ లేదు. దానికి చూపు అంతంతమాత్రం. నోటి దగ్గర ఏది కదిలినా నీళ్లతో సహా లోపలికి లాగేసుకుంటుంది. అది వానపామా, తోటి ప్రాణా అన్నది దానికి పట్టదు. ఇంకాస్త చిన్నదైతే పిల్ల మొత్తంగా మాయమయ్యేదే.

పోయిన కాలు మళ్లీ మొలవడం ఈ జాతికున్న వరం. ప్రాణం పోతే మాత్రం రాదుగా! అందుకే రెండూ ఒకే సైజుకు వచ్చేదాకా వేర్వేరు తొట్లు తప్పవు. పిల్లలైతే సమానంగా ఉన్నా ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. నీళ్లు 16-18 డిగ్రీల చల్లదనంలో ఉండాలి.

ఇప్పుడా గదిలో రెండు తొట్లు. కొన్ని వారాలకు పిల్ల భుజం దగ్గర చిన్న మొగ్గలాంటిది కనిపించింది. కుర్రాడి ముఖంలోనూ నవ్వు!