ఆకు ఇస్తే అరిగిపోతామా?

మా అవ్వ తెలుగులో సగం మా మిద్దె మీదే ఉంది. నలభై తొట్లలో పెరుగుతూ ఉంది. ఎదురింటి మామి ‘మొట్టమాడి’ అంటుంది, మేము మిద్దె అంటాం. సైదాపేటలో మా వీధికంతా అదే తోట. సాయంకాలం ఐదయితే ఎవరో ఒకరు మెట్లెక్కి వస్తారు. ఒకరికి కరివేపాకు కావాలి, ఒకరికి పచ్చడికి నల్లేరు కావాలి, ఇంకొకరికి ఊరికే చూసిపోవాలి. అవ్వ ఎవరినీ ఒట్టి చేతులతో పంపదు. “ఎందుకవ్వా అందరికీ విరిచి ఇచ్చేస్తావు?” అని అమ్మ విసుక్కుంటే, “ఆకు ఇస్తే అరిగిపోతామా?” అంటుంది.

ఎక్కువమంది వచ్చేది బ్రహ్మకమలం కోసం. దాని మొగ్గ మొదట కిందికి వేలాడుతూ ఉంటుంది. విచ్చే రోజు దగ్గరపడేకొద్దీ మెడ తిప్పి పైకి లేస్తుంది. “తల ఎత్తిందే, ఈ రాత్రికో రేపు రాత్రికో” అని అవ్వ అంటే ఆ కబురు వీధి చివరిదాకా పోతుంది. రాత్రి ఎనిమిది దాటాక రేకులు కదలడం మొదలవుతుంది. పదీ పదకొండుకల్లా పువ్వు అరచేయంత అవుతుంది, మిద్దె అంతా వాసన. తెల్లారేసరికి వాడి వేలాడుతుంది. పోయిన ఆడి నెలలో ఒకే రాత్రి ఏడు పూలు విచ్చాయి. పిల్లలూ పెద్దలూ కలిసి పద్దెనిమిది మంది వచ్చారు. మామి కర్పూరం వెలిగించింది. పక్క సందులోంచి వచ్చిన ఖాలా పువ్వును ముట్టుకోకుండా ముక్కు దగ్గరగా పెట్టి, కళ్ళు మూసుకుని నిలబడింది.

పేరును బట్టి చాలామంది దీన్ని హిమాలయాల పువ్వు అనుకుంటారు. ఆ బ్రహ్మకమలం వేరే. అది ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం, చేమంతి కుటుంబానిది, 3,500 మీటర్లకు పైన ఎత్తులో పూస్తుంది. మన ఇళ్ళలోది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన ముళ్ళులేని కాక్టస్. మనం ఆకు అనేది కూడా నిజానికి ఆకు కాదు, బల్లపరుపుగా పెరిగిన కాండం. అందుకే దాని అంచు గంట్లలోంచి మొగ్గ వస్తుంది, ముక్క నాటితే వేళ్ళు పడతాయి. ఇదంతా అవ్వకు చెప్తే, “ఎక్కడినుంచి వస్తేనేం, మనింట్లో పూసింది కదా” అంది. మా అవ్వావాళ్ళు కూడా ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళే.

నాకు మాత్రం కరివేపాకు తొట్టే ఇష్టం. దాని ఆకుల మీద అప్పుడప్పుడు పిట్ట రెట్ట పడినట్టు ఉంటుంది. దగ్గరికి పోయి చూస్తే అది కదులుతుంది! సీతాకోకచిలుక పిల్లపురుగు అది. పిట్టలు తినకుండా అలా వేషం వేసుకుంటుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనకనుంచి నారింజరంగు కొమ్ములు రెండు బయటపెట్టి ఘాటువాసన కొడుతుంది. అవ్వ ఆ కొమ్మను పురుగుకు వదిలేసి, పక్క కొమ్మ కోసుకుంటుంది.

ఇక పేర్ల సంగతి. బడిలో నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు సెలవుల్లో అవ్వ పలక మీద దిద్దించినవి. కానీ మాటలు వచ్చింది మొక్కల దగ్గరే. మన నందివర్ధనం మామికి ‘నందియావట్టై’, మన పారిజాతం ఆమెకు ‘పవళమల్లి’, నల్లేరు ‘పిరండై’. ఒకసారి మామి ‘మందారై’ కొమ్మ అడిగింది, అవ్వ మందారం కొమ్మ ఇచ్చింది. మామి నవ్వి, “ఇదు సెంబరుత్తి!” అంది. వాళ్ళ మందారై మన దేవకాంచనం. వాళ్ళ ‘అంది మందారై’ అయితే మన చంద్రకాంత! అరగంటసేపు ఇద్దరూ ఒక్కో మొక్క దగ్గర నిలబడి పేర్లు ఇచ్చిపుచ్చుకున్నారు. అవ్వ చదివింది మూడో తరగతి. అయినా ఆ రోజు నేను విన్నది నిఘంటువే.

2015 డిసెంబరులో అడయారు పొంగింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తోట కింద పెరట్లో ఉండేది. ఒకటో తేదీ రాత్రి నీళ్ళు ఇంట్లోకి వచ్చాయి, మేమందరం మిద్దె మీద కూర్చున్నాం. నీళ్ళు తీశాక చూస్తే పెరట్లో బురద తప్ప ఏమీ లేదు. చిత్తూరులోని చెల్లెలి ఇంటినుంచి అవ్వ తెచ్చుకున్న బ్రహ్మకమలం కుళ్ళిపోయింది. అవ్వ ఏడవడం నేను చూసింది అప్పుడే. పొంగల్ అయ్యాక ఒక సాయంకాలం, వెనక వీధిలో రెండో అంతస్తులో ఉండే అక్క ఒక జాడీ తెచ్చింది. అందులో వేళ్ళు పట్టిన మూడు ఆకులు! “మీరు ఇచ్చిందే అవ్వా” అంది. ఆ నెలలోనే ఇంకొకరు రణపాల, ఇంకొకరు చంద్రకాంత గింజలు తెచ్చిచ్చారు. ఇప్పుడు మిద్దె మీద ఉన్నదాంట్లో చాలావరకు అలా తిరిగి వచ్చిందే.

వచ్చే వేసవిలో ఆ మిద్దె ఉండదు. ఇంటివాళ్ళు ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. మేము పోయే ఇంటి బాల్కనీలో ఎనిమిది తొట్లు పడతాయేమో. అమ్మకు, నాకు దిగులుగా ఉంది. అవ్వ మాత్రం ఇప్పటినుంచే కొమ్మలు కత్తిరిస్తూ ఉంది. “మన తొట్లోది పోయినా పోతుంది. పదిళ్ళలో ఉండేది ఎక్కడికి పోతుంది?” అంటుంది. పేర్లు కూడా అంతే కదా అనిపించింది నాకు. అందుకే పాత ప్లాస్టిక్ డబ్బాలు ముక్కలు కోసి, ప్రతి కొమ్మకూ తెలుగులో, తమిళంలో పేరు రాసి కడుతున్నాను.

సోమవారం నుంచి ఈ గోడపత్రిక కిందే ఒక అట్టపెట్టె ఉంటుంది. మేడమ్ ఒప్పుకున్నారు. కావలసినవాళ్ళు తీసుకోండి. బ్రహ్మకమలం ఆకును రెండు రోజులు నీడలో ఆరనిచ్చి, ఇసుక కలిపిన మట్టిలో రెండు అంగుళాలు దించండి. నీళ్ళు కొంచెమే పోయండి. బదులుగా, మీ ఇంట్లో ఆ మొక్కను ఏమంటారో చీటీ మీద రాసి పెట్టెలో వేయండి. హోసూరువాళ్ళు ఒకటి అంటారు, వేలూరువాళ్ళు ఇంకొకటి అంటారు, అన్నీ కావాలి.

పువ్వు రావడానికి రెండు మూడేళ్ళు పట్టొచ్చు. అప్పటికి మనం ఈ కాలేజీలో ఉండం. అయినా మొగ్గ తల ఎత్తినప్పుడు ఒక ఫోన్ చేయండి. అవ్వకు చెప్తాను.