రాత్రికొక పుట

మాది హోసూరు. ఇంటి మాట తెలుగు. నేను చదివింది తమిళ బడి. 2019లో నాన్నగారు పోయినప్పుడు, వారి పద్దుపుస్తకంలోని బాకీలు తెలుసుకోవడానికి పొరుగింటి మాస్టారిని ఆశ్రయించవలసి వచ్చింది. సొంత తండ్రి వ్రాతను పరులచేత చదివించుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఆదివారం నాలుగేసి గంటలు కూర్చుని తెలుగు నేర్చుకుందామని పట్టుబట్టాను. మూడు వారాలకే ఆ పట్టు సడలింది. గుమాస్తాకు ఆదివారమంటే నిద్ర గదా! అటుపైన రాత్రి భోజనం చేసి చేయి కడుక్కోగానే ఒక్క పుట వ్రాయడం పెట్టుకున్నాను. భోజనం మానను గనుక పుటా మానలేదు. క, ఖ, గ, ఘలకు తమిళంలో ఒకే అక్షరం. ఈ నాలుగూ చేతికి లొంగేసరికే నెల పట్టింది.

ఏడాదికి పుస్తకమంతా చదవగలిగాను. ఒకచోట, "చిన్నవాడి పరీక్ష ఫీజు నిమిత్తం గడియారం తాకట్టు" అని ఉంది. ఆ చిన్నవాణ్ణి నేనే. గడియారం పాడైపోయిందని మాతో చెప్పారు.