చిన్న యంత్రానికొక విసనకర్ర

విద్యుత్తు పనిచేసిన ప్రతి చోటా కొంత వేడి పుట్టక తప్పదు. ఆ వేడికి బయటికి పోయే దారి చూపడమే ఇంజనీరు వృత్తిలో సగం పని అంటే అతిశయోక్తి కాదు. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌లో భారం తక్కువగా ఉన్నంతసేపు నూనె తనంతట తానే ప్రసరించి, రేడియేటర్ల ద్వారా వేడిని గాలికి అప్పగిస్తుంది. భారం పెరిగి వైండింగు ఉష్ణోగ్రత నిర్ణీత హద్దును దాటగానే ఫ్యాన్లు తిరగడం మొదలుపెడతాయి. వాటి అండతో అదే ట్రాన్స్‌ఫార్మర్ మరికొంత భారాన్ని మోయగలుగుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ యంత్రాల మధ్యనే తిరుగుతున్న మాకు, ఇదే సూత్రాన్ని అరచేతిలో ఇమిడే ఒక కంప్యూటర్‌కు అన్వయించే అవకాశం గత వేసవిలో కలిగింది. ఆ అనుభవాన్ని పాఠక మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ కంప్యూటర్ పేరు రాస్ప్‌బెర్రీ పై. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో రూపుదిద్దుకొని, 2012లో తొలిసారిగా విపణిలోకి వచ్చింది. ప్రాసెసర్, మెమరీ, కనెక్షన్లు అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. బోర్డు పరిమాణం ఇంచుమించు బ్యాంకు కార్డు అంత. తొలి నమూనాకు ఫ్యాను అవసరమే లేదు. 2019లో వచ్చిన నాలుగవ నమూనా సంగతి వేరు. దాని ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లు 1500 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తాయి. వేగం పెరిగింది, దానితోపాటు వేడీ పెరిగింది.

మా టౌన్‌షిప్ పఠనాలయంలో ఉన్నది ఈ నాలుగవ నమూనాయే. ఇంటర్నెట్ లేకపోయినా చదువుకునేందుకు వీలుగా విజ్ఞాన సర్వస్వాన్నీ, పదవ తరగతి గణిత, విజ్ఞానశాస్త్ర పాఠాలనూ అందులో నింపి ఉంచారు. పిల్లలు పాత టాబ్లెట్ల ద్వారా అడిగే పుటలను అది వెదికి ఇస్తుంది, వీడియోలను ఆ టాబ్లెట్లకు తగినట్లు కుదించి పంపుతుంది. మే మాసంలో సప్లిమెంటరీ పరీక్షలకు చదివే ఏడుగురు పిల్లలు ప్రతి మధ్యాహ్నం అక్కడికి వచ్చేవారు. వారిలో ఎక్కువమంది కాంట్రాక్టు కార్మికుల బిడ్డలు. రేకుల ఇళ్లలో ఆ వేళ పుస్తకం పట్టుకొని కూర్చోవడం ఎంత కష్టమో వేరుగా చెప్పనవసరం లేదు.

సరిగ్గా ఆ వేళల్లోనే కంప్యూటర్ మొరాయించసాగింది. పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోయేది, పుట తెరుచుకోవడానికి నిమిషాలు పట్టేది. పెట్టె పాతబడిందనీ, కొత్తది మంజూరయ్యేదాకా మధ్యాహ్నపు తరగతిని నిలిపివేయడమే మేలనీ నిర్వాహకులు భావించారు. కొత్తది మంజూరై వచ్చేసరికి పరీక్షలు ముగిసిపోతాయి. ఈ విషయం మా దృష్టికి వచ్చినప్పుడు పిల్లలను విచారించాము. ఒక అమ్మాయి, "పొద్దున మంచిగనే నడుస్తది సార్. రెండు దాటినంకనే ఆగుతది" అన్నది. యంత్రం పాతబడితే పొద్దునా సాయంత్రమూ ఒకేలా ఉండాలి కదా! ఆ ఒక్క మాటతో సగం రోగనిర్ధారణ పూర్తయింది.

ప్రాసెసర్ ఉష్ణోగ్రతను, వేగాన్ని కంప్యూటరే స్వయంగా చెబుతుంది. మా వద్ద శిక్షణలో ఉన్న యువ ఇంజనీరు సాయంతో మూడు రోజులు గంటగంటకూ కొలతలు తీయించాము. ఉదయం గది 31 డిగ్రీలు ఉన్నప్పుడు ప్రాసెసర్ 66 డిగ్రీల వద్ద ఉంది. మధ్యాహ్నం గది 39కి చేరి, పిల్లలందరూ పాఠాలు తెరవగానే అది 82 డిగ్రీలకు ఎక్కింది. వెంటనే వేగం 1500 నుంచి 1000 మెగాహెర్ట్జ్‌కూ అంతకన్న కిందికీ దిగజారింది.

ఇది లోపం కాదు, ఆత్మరక్షణ. 80 డిగ్రీలు దాటగానే తన వేగాన్ని తానే తగ్గించుకొనేట్లు, 85 వద్ద మరింత గట్టిగా అదుపు చేసుకొనేట్లు ఈ ప్రాసెసర్‌ను తయారుచేశారు. వేగం తగ్గితే వేడి తగ్గుతుంది, యంత్రం బతుకుతుంది. ఎండలో మూటలు మోసే మనిషి అడుగు నెమ్మది చేయడం వంటిదే ఇది. దానిని సోమరితనమని నిందిస్తే ప్రయోజనం లేదు.

ఇక చికిత్స. ప్రాసెసర్ మీద చిన్న అల్యూమినియం హీట్ సింకును అతికించి, పెట్టె మూతకు 30 మిల్లీమీటర్ల ఫ్యానును బిగించాము. విసనకర్ర గాలిని చల్లబరచదు, మనను అంటిపెట్టుకొని ఉన్న వేడి గాలిని తొలగిస్తుంది. ఫ్యాను పనీ అంతే. కనుక మూసిన పెట్టెలో ఫ్యాను పెడితే లోపలి వేడి గాలే గిరగిర తిరుగుతుంది. చల్లని గాలి వచ్చేందుకు మూతలోనూ, వేడి గాలి పోయేందుకు పక్క గోడల్లోనూ రంధ్రాలు వేయించాము.

కనెక్షన్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. బోర్డు మీది 40 పిన్నుల్లో నాలుగవది 5 వోల్టులు, ఆరవది భూమి. ఫ్యానును ఈ రెండింటికీ నేరుగా కలిపితే అది ఎల్లప్పుడూ తిరుగుతుంది. అవసరమైనప్పుడే తిరగాలంటే ఎనిమిదవ పిన్ను ద్వారా ఆజ్ఞ ఇవ్వాలి. అయితే ఆ పిన్ను ఇచ్చేది 3.3 వోల్టుల సంకేతం మాత్రమే. కొద్ది మిల్లీ ఆంపియర్లకు మించి అది మోయలేదు. ఫ్యానును సరాసరి దానికి తగిలిస్తే బోర్డు చెడిపోవచ్చు. అందుకని మధ్యలో ఒక చిన్న ట్రాన్సిస్టర్‌ను కాపలాదారుగా నిలిపి, ఫ్యాను ఆగినప్పుడు పుట్టే ఎదురు వోల్టేజి నుంచి దానిని కాపాడేందుకు ఒక డయోడ్‌ను చేర్చాము. 60 డిగ్రీల వద్ద మొదలై, 50కి దిగాక ఆగేట్లు అమర్చాము. ఈ 10 డిగ్రీల ఎడం లేకపోతే ఫ్యాను క్షణక్షణం ఆగుతూ సాగుతూ త్వరగా అరిగిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యాన్లకూ ఇటువంటి ఎడం ఉంచుతామని మన సోదర ఇంజనీర్లకు తెలిసినదే.

మొత్తం ఖర్చు మూడు వందల రూపాయలు దాటలేదు. మరునాటి మధ్యాహ్నం అదే గదిలో, అదే భారంతో ప్రాసెసర్ 63 డిగ్రీల వద్ద నిలకడగా ఉంది. వేగం తగ్గలేదు. గది 39 డిగ్రీలు ఉన్నప్పుడు ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను 39కన్న కిందికి దించలేదు, అంత అవసరమూ లేదు. హద్దుకు కొంత ఇవతల ఉంటే చాలు. 2023లో వచ్చిన ఐదవ నమూనాలో తయారీదారులే ఫ్యాను కోసం బోర్డు మీద ప్రత్యేక స్థానం కల్పించారు. అక్కడ ఫ్యాను 50 డిగ్రీల వద్ద మెల్లగా మొదలై, అంచెలంచెలుగా వేగం పెంచుకుంటూ 75 వద్ద పూర్తి వేగాన్ని అందుకుంటుంది.

ఫ్యాను పెట్టడంతో బాధ్యత తీరదు. మన ప్రాంతపు దుమ్ముకు రెక్కలు త్వరగా పూడుకుపోతాయి. నెలకొకసారి కరెంటు తీసి, రెక్కలను వేలితో ఆపి పట్టుకొని మెత్తని బ్రష్షుతో శుభ్రం చేయాలి. పఠనాలయంలో ఈ పనిని, ఉష్ణోగ్రతల రిజిస్టరును ఆ అమ్మాయికే అప్పగించాము. ఏ రోజూ గడి ఖాళీగా వదలలేదు.

మధ్యాహ్నపు తరగతి పరీక్షల దాకా ఒక్క రోజైనా ఆగకుండా జరిగింది. ఏడుగురిలో ఆరుగురు ఉత్తీర్ణులయ్యారు. ఆ ఘనత పిల్లలదీ, ఓపికగా బోధించిన సోదరీమణులదీ కాని ఫ్యానుది కాదు. మిగిలిన అబ్బాయి కూడా మళ్లీ చదువుతున్నాడు. వచ్చే వేసవిలో మీ ఇళ్లలో, కార్యాలయాల్లో ఏదైనా చిన్న యంత్రం నెమ్మదిస్తే, దానిని మార్చాలని నిర్ణయించేముందు ఏ వేళ నెమ్మదిస్తున్నదో నాలుగు రోజులు రాసి చూడవలసిందిగా పాఠకులకు మా మనవి.