పీలికల లెక్క

కుట్టుమిషన్ ఉన్న ఇంట్లో గుడ్డముక్కలు పెరుగుతూనే ఉంటాయి. రంగులవారీగా సర్దితే చూపుకు బాగుంటుంది, పనికి మాత్రం అక్కరకు రాదు. గుడ్డ గుణాన్ని బట్టి సర్దాలనిపిస్తుంది నాకు. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటి ముక్కల్నీ ఒకే మూటలో కడితే ఎట్లా? ఉడుకునీళ్లకు నూలు ఓర్చుకుంటుంది, పట్టు ఓర్చుకోదు.

పోచంపల్లి ఇకత్ ముక్క బెత్తెడున్నా పారేయబుద్ధి కాదు. అక్కడ నేతకు ముందే నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచుతారు. పుట్టపాక తేలియా రుమాలుకైతే నూలును నూనెతోనూ పదును చేస్తారు. అంత చాకిరీ బెత్తెడు ముక్కలోనూ ఉంటుంది. అందుకే వాటిని పైపింగుకు, సంచి జేబులకు వేరుగా పెడతాను. దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు ముక్కకు ముక్క చేర్చి అద్దాలు కుడతారు. వాళ్ల ముందు మన పొదుపు ఏపాటిది!

ఇక పేపరు కటింగులు. ముందుభాగం, వెనకభాగం, చెయ్యి ఒకే కవర్లో పెట్టి, పైన పేరు, ఛాతీ కొలత, తేదీ రాయాలి. ఎదిగే పిల్లల కొలతలు ఏడాదికే పాతబడతాయి. తేదీ లేని కటింగు దండగే.

ఏ ముక్క దేనికో చెప్పగలిగితే అది పొదుపు. చెప్పలేకపోతే బొంతలో వేసి కుట్టేయండి.