మిర్చి పోయిన మరుసటి ఏడాది

అన్నలూ, తమ్ముళ్లూ, ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు.

2021లో నల్ల తామర పురుగు మన మిర్చి తోటల్ని ఏం చేసిందో మీకు తెలుసు. నాది మూడెకరాలు, అందులో రెండు కౌలు. తోట పీకేసిన రోజు నేను ఏడవలేదు. పురుగుమందుల కొట్టు బాకీ, కౌలు, వడ్డీ లెక్కేసుకుంటూ తిరిగా.

అసలు దెబ్బ మరుసటి ఏడాది తగిలింది. తోట బాగుంది, ధరా బాగుంది. నాకే పొద్దున్నే లేవబుద్ధయ్యేది కాదు. అన్నం సయించదు. రాత్రి మూడింటికే మెలకువ. గట్టు మీద కూర్చుంటే అక్కడే పొద్దు గూకేది. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకున్నారు, నేనూ అదే అనుకున్నా.

మా ఆవిడ పట్టుబట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డిప్రెషన్ అన్నారు. మందులు వాడితే ముందు నిద్ర కుదిరింది, కొన్ని నెలలకు మనిషినయ్యా. బాకీ ఒక్క రూపాయి తగ్గలేదు గానీ దాన్ని ఎలా తీర్చాలో ఆలోచించే బుర్ర తిరిగొచ్చింది.

ఇప్పుడెందుకంటే, 2025లో మళ్లీ ధర పడిపోయి, మన రాష్ట్రంలో క్వింటాకు 11,781 రూపాయలని కేంద్రం ప్రకటించాల్సొచ్చింది. ఆ దెబ్బ కొందరికి ఇప్పుడు తెలుస్తుంది.

పక్క చేను రైతు టీ కొట్టుకి రావడం మానేశాడా? అప్పెంత అని అడక్కండి. నిద్ర పడుతోందా అని అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందంటే ఒంటరిగా వదలొద్దు, దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్లండి. 14416 టెలి మానస్ నంబరు. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

నాతో మాట్లాడాలనుకున్నా సరే, ఏ వేళప్పుడైనా ఫోన్ చేయండి.