తాతగారి సర్టిఫికెట్

మా ఇంట్లో దేవుడి పటాల వరుసలో చివర ఒక సర్టిఫికెట్ వేలాడుతూ ఉండేది. చిన్నప్పుడు అది తాతగారి చదువుకు ఇచ్చిన పట్టా అనుకునేవాణ్ణి. తాతగారు మూడో తరగతి దాటలేదని తరువాత తెలిసింది. అది ఆయన కంసాలి పని చేసుకోవచ్చునని ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం. ఆయన తండ్రీ, ఆయన తాతా అదే పని చేశారు. వారెవరికీ అలాంటి కాగితం లేదు, దాని అవసరమూ కలగలేదు.

మాది బళ్ళారి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసినా మా వీధిలో తెలుగు మాత్రం మారలేదు. ఇంటి వసారాలోనే తాతగారి కుంపటి, ఊదుగొట్టం, మూసలు, పట్టకార్లు, చిన్న త్రాసు ఉండేవి. పెళ్ళిళ్ళ రోజుల్లో ఊళ్ళో సగం మంది మా అరుగు మీదే కూర్చునేవారని నానమ్మ చెప్పేది. ఆ అరుగు ఒక ఏడాది ఎలా ఖాళీ అయిందో కూడా ఆవిడే చెప్పింది.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. దేశం దగ్గర విదేశీ మారకం తక్కువగా ఉంది. జనం బంగారం కొనడం తగ్గితే దొంగ రవాణా ఆగుతుందని, మారకం మిగులుతుందని ప్రభుత్వం భావించింది. 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా ఉండగా, దేశ రక్షణ నిబంధనల కింద బంగారం నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన స్వచ్ఛతతో కొత్త నగ చేయకూడదన్నారు. మన ఇళ్ళలో వాడే 22 క్యారెట్ల బంగారంలో నూటికి 91.6 వంతులు పసిడి ఉంటుంది. 14 క్యారెట్లంటే 58.3 వంతులే. అలాంటి లోహంతో పుస్తెలు చేయించుకోవడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది?

జనం నగలు చేయించడం మానుకున్నారు. మా ఇంట్లో కుంపటి నెలల తరబడి చల్లారిపోయింది. తాతగారు మండీలో కాటా దగ్గర పనికి కుదిరారు. గురిగింజ ఎత్తు బంగారం తూచిన చెయ్యి వేరుశెనగ బస్తాలు తూచింది. ఆ కాలంలో దేశమంతటా పని పోయిన కంసాలులు వేల సంఖ్యలో ఉన్నారు. వారి ఆత్మహత్యల వార్తలు పత్రికల్లో వచ్చాయి. ప్రత్యామ్నాయ ఉపాధికి సహాయం చేస్తామని ప్రభుత్వం పథకాలు ప్రకటించింది. మా తాతగారికి మాత్రం ఆ మండీ కాటాయే ప్రత్యామ్నాయం అయింది.

14 క్యారెట్ల నిబంధనను 1966లో సడలించారు. కానీ నియంత్రణ పోలేదు. 1968లో ఏకంగా చట్టమే చేశారు. నేను పుట్టింది కూడా ఆ ఏడాదే. ఆ చట్టం ప్రకారం కంసాలికి సర్టిఫికెట్ ఉండాలి, లెక్కల పుస్తకం ఉండాలి, అధికారి ఎప్పుడు వచ్చినా చూపించాలి. సామాన్యుడు నగ ఉంచుకోవచ్చు గాని బంగారపు ముద్ద ఉంచుకోకూడదు. తెగిపోయిన గొలుసు పెట్టెలో ఉంటే తప్పు లేదు. అదే గొలుసును కరిగించి ముద్దగా ఇంటికి తెచ్చుకుంటే నేరం! బంగారం అదే, బరువు అదే, మనిషీ అతడే. ఆకారం మారితే నేరస్థుడు అవుతాడు. ఈ తర్కం తాతగారికి చివరిదాకా బోధపడలేదు. బి.కాం. చదివిన నాకూ పడలేదు.

చివరకు 1990 జూన్‌లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. యుద్ధం నెల రోజులు సాగింది, దాని పేరు మీద వచ్చిన ఆంక్ష 27 ఏళ్ళు సాగింది. ఈలోగా బంగారం మీద మన వాళ్ళకు మోజు తగ్గిందా? లేదు. దొంగ రవాణా ఆగిందా? అది పెద్ద వ్యాపారమైంది. ఆ రోజుల్లో సినిమాలు చూసిన వారికి బంగారం బిస్కెట్ల పెట్టెలు, అర్ధరాత్రి పడవలు గుర్తుండే ఉంటాయి. దొంగ పడవవాడు ఏ లెక్కల పుస్తకమూ రాయలేదు. రాసింది మా తాతగారు. రద్దు వార్త వినడానికి ఆయన లేరు, 1987లోనే కాలం చేశారు.

నాన్న ఆ కుంపటి ముందు కూర్చోలేదు. రైల్వేలో గుమాస్తాగా చేరారు. నన్ను కామర్సు చదివించారు. నేను 1992లో బ్యాంకులో చేరాను. కాబట్టి మా ఇంట్లో ఒక తరం పనిని పోగొట్టిందీ ప్రభుత్వమే, తరువాతి తరానికి అన్నం పెట్టిందీ ప్రభుత్వమే. ఈ సంగతి మరిచిపోయి మాట్లాడితే నాకు న్యాయం కాదు.

బ్యాంకులో ‘సస్పెన్స్ ఖాతా’ అని ఒకటి ఉంటుంది. ఒక మొత్తాన్ని ఏ పద్దు కింద రాయాలో వెంటనే తేలకపోతే తాత్కాలికంగా అందులో వేస్తాం. ఎందుకు వేశామో, ఏ తేదీన వేశామో రాయాలి. గడువులోగా దాన్ని సరైన పద్దుకు మార్చి ఖాళీ చేయాలి. ఆడిటరు వస్తే ఆయన చూపు ముందుగా పడేది అక్కడే. ‘ఇది ఇంకా ఎందుకు మిగిలింది?’ అని అడుగుతాడు. జవాబు లేకపోతే మా మెడకు చుట్టుకుంటుంది.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ ఉద్యోగం చేశాక నాకు తోచింది ఒక్కటే. ఆపద సమయంలో ప్రభుత్వం చేతికి తీసుకునే ప్రతి అధికారమూ సస్పెన్స్ ఖాతాలో పద్దు లాంటిది. కారణం రాసి ఉండాలి, గడువు ఉండాలి, ఎవరో ఒకరు అడుగుతూ ఉండాలి. బంగారం నియంత్రణ విషయంలో ఆ పద్దు 27 ఏళ్ళు అలాగే మిగిలిపోయింది.

ఇది తాతగారి కాలపు కథ అని నేనూ అనుకున్నాను, 2016 నవంబరు దాకా. ఆ నెల 8వ తేదీ రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవన్నారు. చలామణిలో ఉన్న డబ్బు విలువలో అవి 86 శాతం. నల్లధనం బయటికి రావాలన్న కోరిక మంచిదే. అప్పుడు నేను బళ్ళారిలోనే ఒక బ్రాంచిలో ఆఫీసరును. మార్చుకునే పరిమితి ఒకరోజు 4,000, మరోరోజు 4,500, తరువాత 2,000. ఉదయం చెప్పిన నిబంధన సాయంత్రానికి నిలుస్తుందో లేదో మాకే తెలిసేది కాదు. రాత్రి పదింటికి క్యాష్ సరిచూసుకుని ఇంటికి వెళ్ళి, తెల్లారేసరికి మళ్ళీ ఆ వరుసను చూసేవాళ్ళం.

పెళ్ళిళ్ళవారికి సొంత ఖాతాలోంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వవచ్చన్నారు. 21వ తేదీన షరతులు వచ్చాయి. శుభలేఖ చూపాలి. ఎవరెవరికి నగదు ఇవ్వబోతున్నారో జాబితా ఇవ్వాలి. తమకు బ్యాంకు ఖాతా లేదని వారి చేత రాయించి తేవాలి. మరునాడు మా వీధిలో ఎరిగిన అవ్వ ఒకావిడ మనవరాలి పెళ్ళికని వచ్చింది. చేతిలో పసుపు రాసిన శుభలేఖ ఉంది. మేళగాళ్ళు, వంటవాళ్ళు, పందిరి వేసేవాళ్ళు అందరి దగ్గరా కాగితాలు తెమ్మన్నాను.

“నా ఖాతాలో ఉండేది నా దుడ్లే కదా నాయనా?” అంది.

అవునన్నాను. కానీ ఉత్తర్వు ఇలా ఉందన్నాను. ఆవిడ కాసేపు నా ముఖం చూసింది.

“నా పెండ్లప్పుడు మా నాయన పుస్తెలు చేపిద్దామని మీ తాత దగ్గరికి పోతే, చట్టం ఒప్పుకోదని తిప్పి పంపిచ్చినాడు. మా అవ్వ పుస్తెలు కట్టి పెండ్లి చేసినారు. ఈ పొద్దు నువ్వు నన్ను పంపిస్తాండావు. మీరేం చేస్తార్లే, పైనోళ్ళు చెప్పినట్ల చెయ్యల్ల కదా” అంది.

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

ఆ నిబంధన ఒక్కరోజులో మారింది. 10,000 రూపాయలు, ఆపైన అందుకునేవారి విషయంలో మాత్రమే ఆ జాబితా, రాతకాగితాలు చాలునన్నారు. నేను మనిషిని పంపాను. అప్పటికే ఆవిడ మెడలో గొలుసు తాకట్టు పెట్టి పని కానిచ్చింది. నేను ఏ నిబంధననూ అతిక్రమించలేదు. నా సర్వీసు రికార్డులో ఒక మచ్చ లేదు. ఆ రోజు మాత్రం అన్నం సహించలేదు.

చివరకు లెక్క ఏం తేలింది? రద్దయిన నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు. 15.31 లక్షల కోట్లు తిరిగి వచ్చాయని రిజర్వు బ్యాంకు 2018 నివేదికలో చెప్పింది. అంటే 99.3 శాతం. 2023 జనవరిలో సుప్రీంకోర్టు నోట్ల రద్దు చెల్లుతుందని 4-1 తేడాతో తీర్పు ఇచ్చింది. విభేదించిన జస్టిస్ నాగరత్న కర్ణాటకకు చెందినవారు. ఇంతటి నిర్ణయం నోటిఫికేషన్‌తో కాక పార్లమెంటు చేసే చట్టం ద్వారా జరగవలసిందని ఆమె అభిప్రాయం.

ఇది ఏ పార్టీ మీదా విమర్శ కాదు. బంగారం మీద ఆంక్ష ఒక పార్టీ పెట్టింది, నోట్లు మరో పార్టీ రద్దు చేసింది. ఈ ప్రమాదాన్ని ముందే చెప్పిన పెద్దలు మన ప్రాంతాల వారే. 1959లో స్వతంత్ర పార్టీ స్థాపించిన రాజాజీ హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టారు. పర్మిట్-లైసెన్సు-కోటా రాజ్యం అన్న మాట ఆయనదే. ఆ పార్టీ తొలి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి. రంగా. పరిశ్రమలకు లైసెన్సుల సంకెళ్ళు చాలావరకు తెగింది 1991లో, మన పి.వి. నరసింహారావు గారి హయాంలో.

అలాగని ప్రభుత్వమే వద్దనే స్వేచ్ఛావాదిని కాను. బ్యాంకు మునిగితే డిపాజిటుదారుకు 5 లక్షల దాకా బీమా ఉందంటే అది చట్టం వల్లే. తనిఖీ లేని చోట ముసలివాళ్ళ పొదుపు ఎలా ఆవిరవుతుందో మా వృత్తిలో అందరికీ తెలుసు. కంచె ఉండాలి. కంచె చేను మేయకూడదు, అంతే.

అడిగితే ఫలితం ఉంటుందనడానికీ దృష్టాంతం ఉంది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యంలోనే 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా అన్నారు. బ్యాంకు ఖాతాకు ఆధార్ తప్పనిసరి అన్న నిబంధనను 2018లో కోర్టు కొట్టివేసింది. ఒక పెద్దమనిషి ఆడిటరులా ‘ఇది ఎందుకు?’ అని అడిగాడు. ఒక పద్దు తేలింది.

నాకు పదవీ విరమణ దగ్గరపడింది. ఇప్పటికీ కొత్త సర్క్యులరు వస్తే ముందు దాని గడువు తేదీ వెతుకుతాను. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి ఆ కాగితంలో ఏముందో, మారితే ఎప్పుడు మళ్ళీ రావాలో కూర్చోబెట్టి చెబుతాను. నా చేతిలో ఉన్నది అంతే.

ఇల్లు బాగు చేయించినప్పుడు తాతగారి సర్టిఫికెట్ గోడ మీంచి దిగింది. దాన్ని పారేద్దామని మా అబ్బాయి అన్నాడు. వద్దని, ఈ కథంతా వాడికి చెప్పాను. వాడు అంతా విని, “ఆ కాగితం లేకపోతే తాతగారికి పని రాదా నాన్నా?” అని అడిగాడు. మీ ఇళ్ళలోనూ అటకల మీద రేషను కార్డులు, పర్మిట్లు, లైసెన్సులు ఉండే ఉంటాయి. దించినప్పుడు పిల్లలకు ఒకసారి చూపించండి. వాళ్ళూ ఏదో ఒకటి అడుగుతారు.