నల్ల ప్లేటు కారులో సాగర్‌కి

నంబర్ ప్లేటు నల్లగా ఉండి, అక్షరాలు పసుపు రంగులో ఉంటే అది సెల్ఫ్ డ్రైవ్‌కి కిరాయికిచ్చే కారు. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే ట్యాక్సీ. తెల్ల ప్లేటైతే సొంత కారు. ఈ రంగుల గొడవ నేను ఎప్పుడూ పట్టించుకోలేదు. మొన్న డిసెంబరులో అమ్మని నాగార్జునసాగర్ తీసుకెళ్లాల్సి వచ్చేదాకా.

మాది మీర్‌పేట్. టీకేఆర్ కమాన్ నుంచి లోపలికి వస్తే తగిలే సందుల్లో ఒకటి. ‘సాగర్ రోడ్డు’, ‘సాగర్ రింగ్ రోడ్డు’ అని రోజుకి పదిసార్లు అంటాం గానీ, ఆ సాగర్ ఎట్లుంటుందో నేను చూసిందే లేదు. అమ్మ మాత్రం అక్కడే పుట్టింది. మా తాత డ్యామ్ పనికి పోయిన వేలమంది కూలీల్లో ఒకడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకి నీళ్లొదిలారు. ఇప్పట్లా అంతా కాంక్రీటు కాదు, రాతి కట్టడం. ఆ రాళ్లు మోసినవాళ్లలో చాలామందికి గుడిసెలే ఇళ్లు. నీళ్లొదిలే ముందు ఏడాది పుట్టిన అమ్మ, ఎనిమిదేళ్లు వచ్చేదాకా అట్లాంటి ఒక గుడిసెలోనే పెరిగింది.

జనవరిలో రెండు మోకాళ్లకీ ఆపరేషన్ అన్నారు డాక్టర్లు. ‘‘కోతకి ముందే ఒక్కసారి ఆ జాగ చూసొస్త బిడ్డా’’ అంది అమ్మ. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి.

కారు అనగానే మళ్లీ తనే అడ్డం పడింది. ‘‘బస్సు ఉండంగ కారెందుకురా, పైసలు దండుగ. నాకైతే టికెటే లేదాయె!’’ నిజమే. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఆమెకి జీరో టికెట్. కానీ ఆ బస్సు మెట్టు ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాలి. పైగా సాగర్ ఒక్క చోట ఉండే ఊరు కాదు. హిల్ కాలనీ పైన, పైలాన్ కాలనీ కింద, విజయపురి సౌత్ అవతలి ఒడ్డున, అదీ ఇప్పుడు వేరే రాష్ట్రంలో. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఆటో కోసం ఎండలో నిలబెట్టాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, మేం వెతకబోయే చోటుకి అడ్రసే లేదు. మ్యాప్‌లో ఏమని కొట్టాలి?

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒకాయన తన కారు ఇస్తానన్నాడు. రోజుకి 1,500. చవకే. కాకపోతే తెల్ల ప్లేటు. సొంత కారుని అట్లా కిరాయికి తిప్పకూడదు. ఏదైనా అయితే బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించొచ్చు. మోకాళ్లు బాగాలేని అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ జూదం ఆడాలనిపించలేదు. యాప్‌లో నల్ల ప్లేటు కారే బుక్ చేశా. పెట్రోలు కాక 2,700. డిపాజిట్ వేరే. రాత్రి 10 లోపు తెచ్చివ్వాలి. ఆలస్యమైతే గంటకింత అని ఫైన్.

మీలో ఎవరైనా మొదటిసారి తీసుకుంటుంటే రెండు మాటలు. తాళం చేతికి రాగానే కారు చుట్టూ తిరిగి వీడియో తీయండి. గీతలు, టైర్లు, డ్యాష్‌బోర్డు మీద పెట్రోలు ముల్లు, కిలోమీటర్ల అంకె, అన్నీ పడాలి. అవతలి రాష్ట్రానికి పోయేటట్టయితే కారుకి ఆ పర్మిట్ ఉందో లేదో బుకింగ్‌కి ముందే అడగండి. నల్ల ప్లేటంటే అది కమర్షియల్ బండి, సొంత కారు లెక్క కాదు. మా కారుకి ఆల్ ఇండియా పర్మిట్ ఉంది. ఆ కాగితం ఫోన్‌లోకి దించుకున్నాకే బయల్దేరా.

తుర్కయాంజాల్, ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్, కొండమల్లేపల్లి. రోడ్డు గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అమ్మ ముందు సీటు వెనక్కి జరుపుకుని కాళ్లు చాపింది. అంతదూరమూ ఒక్కసారి కూడా ‘అబ్బా’ అనలేదు.

సాగర్‌లో మొదట డ్యామ్ చూద్దామంటే పైకి మన బండ్లని పోనివ్వరు. 26 గేట్లు. 2023 నవంబరు 30న, ఇక్కడ ఓట్లు పడుతున్న రోజున, ఆంధ్ర పోలీసులు పదమూడో గేటు దగ్గర కంచె వేశారు. ఆ తర్వాత కేంద్ర బలగాలొచ్చాయి. అమ్మకి ఇదంతా వింత. ‘‘మా నాయిన రాళ్లు మోసినప్పుడు సగం మీది సగం మాది అని మోసిండా?’’ అంది. నా దగ్గర జవాబు లేదు. దిగువన ఉన్న వంతెన మీద నుంచి అవతలికి పోయాం. చెక్‌పోస్టు దగ్గర ప్లేటు చూసి ఆపారు. పర్మిట్ చూపించగానే పొమ్మన్నారు.

అవతల అనుపు చూశాం. నీళ్లలో మునిగిపోయే ఇక్ష్వాకుల కాలపు కట్టడాలని తవ్వి, రాయి రాయి తెచ్చి గట్టు మీద మళ్లీ కట్టిన చోటు అది. రెండువేల ఏళ్లకి దగ్గరపడ్డ మెట్ల మైదానం అట్లా నిలబడే ఉంది. లాంచీ ఎక్కి నాగార్జునకొండ పోదామంటే మోకాళ్లు ఒప్పుకోలేదు.

ఇంక అసలు పని. పైలాన్ కాలనీలో మొదటి గేరు, రెండో గేరు, అంతే. అమ్మ అద్దం దించి, ‘‘ఇటు... కాదు, వెనక్కి పోనీ’’ అంటుంటే గంటంబావు తిప్పా. ఆటో అయితే రెండో మలుపులోనే దింపేసేవాడు. చివరికి టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన, ‘‘కూలీల గుడిసెలా? ఆ వాలు కింద ఉండె. ఎప్పుడో పీకేసిన్రు’’ అని చెయ్యి చూపించాడు.

వాలు కింద సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేదు. కారు పోగలిగినంత దూరం పోనిచ్చా. డోరు తీసి, దిగకుండా అట్లాగే కాళ్లు కింద పెట్టి కూర్చుంది అమ్మ. ఒక బండరాయిని చూపించి, ‘‘గీ బండ మీద అమ్మ చీర ఆరేసేది’’ అంది. అదే బండో కాదో ఎవరికి తెలుసు! టైం సాయంత్రం 5 దాటింది. నాకేమో 10 గంటల లెక్క, గంటకింత ఫైన్ లెక్క తిరుగుతోంది. అయినా తొందర పెట్టలేదు. అరగంట తర్వాత తనే కాళ్లు లోపలికి పెట్టుకుని ‘‘ఇగ పోదాం’’ అంది.

9:40కి కారు అప్పజెప్పా. తీసుకునే కుర్రాడు వెనక బంపర్ మీద గీత చూపించి డిపాజిట్‌లో 1,800 కోస్తామన్నాడు. పొద్దున తీసిన వీడియో చూపిస్తే రెండుసార్లు వెనక్కి జరిపి చూసి, ‘‘సరే అన్నా’’ అన్నాడు. నాలుగో రోజు డబ్బులు మొత్తం వచ్చాయి.

ఆపరేషన్ అయ్యి ఇప్పటికి ఏడు వారాలు. అమ్మ వాకర్ వదిలేసి హాల్లో చిన్నగా నడుస్తోంది. నిన్న టీవీ చూస్తూ, నా వైపు తిరగకుండానే అడిగింది.

‘‘ఆ లాంచీ ఎక్కాల్నంటే ఎన్ని మెట్లు దిగాల్రా?’’